కొండ మెట్లకు పేర్లు పెట్టండి

సంపాదకులకు నమస్కారం.

విజయవాడ కొండ ప్రాంతాల్లో మెట్ల మరమ్మతుల గురించి మీ జిల్లా పేజీలో వచ్చిన వార్త చదివాను. ఎంత ఖర్చవుతుందో, ఎన్ని మీటర్లు వేస్తారో వివరంగా రాశారు. ఆ మెట్ల మీద బతికేవాళ్ల సంగతి మాత్రం అందులో లేదు. నేను వన్‌టౌన్‌లో కొండ బీట్ తిరిగి రిటైరైన పోస్ట్‌మ్యాన్‌ని. ఆ సంగతి నాకు తెలిసినంత వరకు రాస్తున్నాను.

కింద ఉండేవాళ్లకి మెట్లంటే ఎక్కి వెళ్లిపోయే దారి. కొండ మీద అవే వీధి. పొద్దున వడియాలు పెట్టేది అక్కడే, సాయంత్రం పిల్లలు హోంవర్క్ చేసుకునేది అక్కడే. పెళ్లయితే రెండిళ్ల మధ్య మెట్ల మీదే టార్పాలిన్ కట్టి భోజనాలు పెడతారు. మనిషి పోతే పాడెని ముందువాళ్లు చేతుల మీద పైకెత్తి పట్టుకుని, వెనకవాళ్లు నడుం వంచి ఒక్కో మెట్టూ దింపుతారు. నేను ఉత్తరాల సంచితో ఎదురైతే గోడకి అంటుకుని నిలబడి దారి ఇవ్వాల్సిందే. అంత ఇరుకు.

మా ఊళ్లో ఇంటి నంబరంటే వార్డు, బ్లాకు, ఇల్లు, మధ్యలో అడ్డగీతలు. ఇంటి ఎత్తు మాత్రం అందులో ఉండదు. వరసగా ఉన్న రెండు నంబర్ల మధ్య మూడు మలుపులు ఎక్కాల్సి రావచ్చు. అందుకే కొండ మీదివాళ్లు కవరు మీద నంబరుతో ఊరుకోరు. ‘నీళ్ల ట్యాంకు కింద, చింతచెట్టు పక్క మెట్లు, ఎడమ చేతి వైపు’ అని రాయిస్తారు. ఒక గాలివానకి ఆ చింతచెట్టు కూలిపోయింది. ఉత్తరాల మీద మాత్రం చాలాకాలం ఉంది. కొత్తగా కాపురానికి వచ్చినవాళ్లు కూడా, ఎన్నడూ చూడని ఆ చెట్టునే చిరునామాలో రాయించేవారు.

మా కొండకి పురాణం ఉంది, చరిత్రా ఉంది. అర్జునుడు పాశుపతం కోసం తపస్సు చేసిన ఇంద్రకీలాద్రి ఇదేనని మా నమ్మకం. మల్లేశ్వరస్వామి గుడి దగ్గరి చాళుక్య రాజు యుద్ధమల్లుని శాసనం నన్నయ కంటే ముందుది, మధ్యాక్కర అనే ఛందస్సులో రాసిన పద్యాల్లో ఉంది. కుమారస్వామికి గుడి కట్టించిన సంగతితో పాటు, ఆ గుడిలో ఎవరు విడిది చేయొచ్చు, ఎవరు చేయకూడదు అన్న కట్టడి కూడా ఆ పద్యాల్లో చెప్పారు. మనకు మిగిలిన తొలినాటి తెలుగు పద్యాల్లో ఒకటి, ఒక చోటు ఎవరిదో తేల్చి చెబుతోందన్నమాట. నాకిది చాలా పెద్ద విషయంగా తోస్తుంది. వెయ్యేళ్లు దాటాక కూడా ఈ కొండల వాలుల్లో కాపురం ఉండేవాళ్లు అదే ప్రశ్న ఎదుర్కొంటున్నారు. ఇక్కడెందుకున్నావు, పట్టా ఏది?

మెట్ల గురించి మన సాహిత్యంలో నాకు బాగా ఇష్టమైన ఘట్టం అన్నమయ్యది. ఆయన మనవడు చిన్నన్న ద్విపదలో చెప్పాడు. తిరుమల కొండ ఎక్కుతున్న పిల్లవాడు మోకాళ్ల పర్వతం దగ్గరికొచ్చేసరికి ఆకలితో, అలసటతో ఇక ఎక్కలేక వెదురు పొద కింద ఒక రాతి మీద పడుకుంటాడు. అలమేలుమంగ అక్కడికే వచ్చి, చెప్పులు విప్పి ఎక్కమని చెప్పి ప్రసాదం పెడుతుంది. ఆమె మీద శతకం అక్కడే పుడుతుంది. స్వామి దర్శనం ఇంకా కాలేదు, కొండ ఇంకా మిగిలే ఉంది. దారి మధ్యలో, ఒంట్లో ఓపిక అయిపోయిన చోట పద్యం పుట్టింది. 1944లో ఘాట్ రోడ్డు వచ్చేదాకా అక్కడికి అందరూ నడిచో, డోలీలోనో వెళ్లినవాళ్లే. కాబట్టి ఆ చోటు ఎలాంటిదో విన్న ప్రతివాళ్లకీ మోకాళ్లతో సహా తెలుసు.

వన్‌టౌన్ కొండ మీద అలాంటి చోటు నాకూ ఒకటి ఉండేది. మెట్లు మలుపు తిరిగే దగ్గర ఒక మామ్మగారి ఇంటి ముందు చిన్న చప్టా. ‘కూర్చో నాయనా, ఉత్తరాలు ఎక్కడికీ పోవు’ అని చెంబుతో మంచినీళ్లు ఇచ్చేది. పైనుంచి దిగేవాళ్లు అక్కడ ఆగి వాళ్ల ఉత్తరాలు అడిగి తీసుకునేవాళ్లు. చదువు రానివాళ్లకి చదివి పెట్టేవాణ్ని. గల్ఫ్ నుంచి కొడుకు రాసిన ఉత్తరం చదువుతుంటే తల్లి ఒక్కతే వినదు, మెట్ల మీద నలుగురు కూర్చుని వింటారు. ఎవరింటి మంచి, ఎవరింటి చెడు అయినా ఆ చప్టా మీద తెలియాల్సిందే. తర్వాత మెట్లకి సిమెంట్ వేసినప్పుడు దాన్ని కొట్టేసి ఏటవాలుగా నున్నగా చేసేశారు. పని చూడడానికి నీట్‌గా ఉంది. కూర్చునే చోటు మాత్రం పోయింది.

మరమ్మతు అంటే నాకు భయం అందుకే.

మా అబ్బాయి సివిల్ ఇంజనీరు. జాతీయ భవన నిర్మాణ నియమావళి ప్రకారం ఇళ్లలో మెట్టు ఎత్తు 19 సెంటీమీటర్లు దాటకూడదని, అడుగు పెట్టే వెడల్పు కనీసం 25 ఉండాలని చెప్పాడు. అసలు ప్రమాదం ఎత్తు కంటే తేడాతో అంటాడు. రెండు మూడు మెట్లు ఎక్కేసరికి పాదం ఆ ఎత్తుకి అలవాటు పడిపోతుంది. నాలుగోది కాస్త ఎక్కువో తక్కువో అయితే తూలిపోతాం. కొండ మీద ఎవరి ఇంటి ముందు వాళ్లు, డబ్బున్నప్పుడు తలా కాస్త వేసుకున్న మెట్లు. ఏ రెండూ ఒకలా ఉండవు. నిండు గ్యాస్ బండ దాదాపు 30 కిలోలు. దాన్ని భుజం మీద పెట్టుకున్న కుర్రాడికి కింద మెట్టు కనబడదు, పాదంతో తడుముకోవాలి. 108 వస్తే కింద రోడ్డు దగ్గరే ఆగిపోతుంది. నెలలు నిండిన ఆడపిల్లని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు మోసుకొస్తారు.

ఇంత కష్టమైతే కిందికి మారిపోవచ్చుగా అని చాలామంది అంటారు. నా బీట్‌లో కొందరు సింగ్‌నగర్ వైపు ఇళ్లకి మారారు, వాళ్లలో కొన్ని కుటుంబాలు మళ్లీ కొండెక్కాయి. కాళేశ్వరరావు మార్కెట్లో తెల్లవారకముందే పనికి దిగేవాళ్లు, వస్త్రలతలో బట్టల మూటలు మోసేవాళ్లు అంత దూరం నుంచి రోజూ రావాలంటే ఆటోకే కూలి సగం పోతుంది. 2024 ఆగస్టు 31న మొగల్రాజపురంలో కొండచరియలు విరిగిపడి ప్రాణాలు పోయాయి. ఆ మర్నాడు చూస్తే బుడమేరు వాగు నీళ్లలో సింగ్‌నగర్ మునిగి ఉంది. రాళ్లు జారే వాలులో ఎవర్నీ ఉంచకూడదు, అందులో నాకు రెండో మాట లేదు. కానీ కింద ఉంటే చాలు క్షేమం అనేది మాత్రం ఆ రెండు రోజుల తర్వాత ఎవరూ అనకూడదు.

ఈ ఊళ్లో మెట్లకి గౌరవం లేదని అనను. దుర్గమ్మ కొండకి మెట్ల పూజ చేసేవాళ్లు ఒక్కో మెట్టుకీ పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి ఎక్కుతారు. ఫిబ్రవరిలో మేరీమాత ఉత్సవాలకి గుణదల కొండ మెట్ల మీద కాలు పెట్టడానికి సందుండదు. వాటికి రెయిలింగులున్నాయి, లైట్లున్నాయి. అవి ఉండాల్సిందే. వాళ్లు ఏడాదికి ఒకటి రెండుసార్లు ఎక్కుతారు. బిందెతో, బండతో, చంకలో పిల్లతో రోజూ ఎక్కేవాళ్ల మెట్లకి కూడా పట్టుకోవడానికి ఒక ఇనప పైపు, మలుపు మలుపుకీ ఒక లైటు వేయమంటున్నాను. వాన నీళ్లు మెట్ల మీదుగా కాకుండా పక్క కాలవలోంచి పోవాలి. లేకపోతే ఎంత సిమెంట్ పోసినా నాచు పట్టేస్తుంది.

ఇంకొకటి, మెట్లకి పేర్లు రాయించండి. కొత్తగా పెట్టక్కర్లేదు. ట్యాంకు మెట్లు, చర్చి మెట్లు, రావిచెట్టు మెట్లు అని జనం ఎప్పుడో పెట్టుకున్నారు. ఆ పేరుని కింద మొదటి మెట్టు దగ్గర, ప్రతి మలుపులో బోర్డు మీద రాసి, అక్కడి నుంచి పైకి ఎన్ని మెట్లో కూడా వేస్తే 108 వాళ్లకీ ఫైరింజన్ వాళ్లకీ ఎంతో ఉపయోగం. ఆధార్ కార్డులోనూ ఆ పేరు ఎక్కాలి. కొత్త పోస్ట్‌మ్యాన్ కూడా నాలా నెలల తరబడి అడుక్కుంటూ తిరగక్కర్లేదు.

టెండర్ పిలిచే ముందు ఇంజనీర్లకి ఒక్క మనవి. గ్యాస్ బండ మోసే కుర్రాడి వెనకాల ఒకసారి పైదాకా ఎక్కండి. అతను ఎక్కడెక్కడ బండ దించుకుని ఊపిరి తీసుకుంటాడో అక్కడల్లా సుద్దతో గీత గీయండి. చప్టాలు అక్కడ కట్టండి, ఇద్దరు మనుషులు కూర్చునేంత వెడల్పుతో.

ఇట్లు,
ఒక విశ్రాంత పోస్ట్‌మ్యాన్,
విద్యాధరపురం, విజయవాడ