మూడో అంతస్తుకి గోడ అడ్డమా?

బరంపురం

ఒరేయ్ సత్యం,

నీ ఉత్తరం అందింది. ఇచ్ఛాపురంలో హైవే పక్కనే మూడో అంతస్తులో ఫ్లాట్ చూశావన్నమాట. రోడ్డు మోత వినబడకుండా బిల్డరు గోడ కట్టిస్తానన్నాడని సంబరపడకు. అడ్వాన్స్ ఇచ్చే ముందు ఇది చదువు.

మా కాలనీవాళ్లం చందాలేసుకుని 16వ నంబర్ హైవే వైపు ఇటుక గోడ కట్టుకున్నాం కదా. కింద వాటాలో ఉన్న మాకు హాయిగానే ఉంది. మీ చెల్లెమ్మ వరండాలో కూర్చుని గొంతు చించుకోకుండా ఫోన్ మాట్లాడుతోంది. మేడ ఎక్కితే మాత్రం గోడ ఉన్నా లేనట్టే. గిరిసోల వైపు నుంచి వచ్చే లారీలు అక్కణ్ణుంచి కనబడతాయి, కనబడితే వినబడ్డట్టే. కిటుకంతా అదేరా. రోడ్డు కంటికి ఆనకుండా గోడ అడ్డొస్తే మోత సుమారు 5 డెసిబెల్స్ తగ్గుతుంది, శబ్దాన్ని కొలిచేది ఆ లెక్కలోనే. ఆపైన పెంచిన ప్రతి మీటరుకీ ఇంకో ఒకటిన్నర. 10 తగ్గితేనే మన చెవికి మోత సగమైనట్టు తోస్తుంది. మంచి గోడలు కూడా మామూలుగా 5కీ 10కీ మధ్యే తగ్గిస్తాయి. మరి మూడో అంతస్తుకి చాటు రావాలంటే నీ బిల్డరు ఎంత ఎత్తు కడతాడో అడుగు!

ఆగేది కూడా ఎక్కువగా టైర్ల సన్న రొదే. ఇంజిన్ల గుడగుడ గోడ మీదుగా వంగి దిగుతుంది. చలికాలం రాత్రుళ్లు మరీనూ, నేల దగ్గర గాలి చల్లబడి, పైకి పోవలసిన శబ్దం కిందికి మళ్లుతుంది.

మా గోడ మధ్యలో ఆటోలు రావడానికి సందు వదిలాం. దాని ఎదురింటాయన చందా వెనక్కిమ్మని ఒకటే పేచీ. ఆయన బాధా నిజమే, సందుందంటే మోతకి దారిచ్చినట్టే. గోడ పొడుగూ చాలాలి. ఇంటికీ గోడకీ ఎంత దూరమో, అటూ ఇటూ దానికి నాలుగింతలు సాగాలంటారు. అశోక చెట్లు వేస్తే చాలని మా సెక్రటరీగారు పట్టుపట్టారు. ఒక్క వరస చెట్లకి శబ్దం ఆగదండీ అంటే వింటేనా!

2000లో వచ్చిన రూల్స్ ప్రకారం ఇళ్లున్న చోట రాత్రి పది దాటాక 45 డెసిబెల్స్ మించకూడదు. హైవే పక్కన అది కాగితం మీద మాటే.

ఓ రాత్రి పది దాటాక వెళ్లి ఆ బాల్కనీలో కాసేపు నించో. పడగ్గది వెనకవైపున్న ఫ్లాట్ ఏదైనా ఉందేమో అడుగు, కిటికీలకి మందపాటి అద్దాలు వేయించమను. అన్నట్టు, రేటెంతో రాయనేలేదు నువ్వు.

నీ
రాజు