పోచారంలో పక్షుల్ని చూపించే వాళ్లకు ఆ పనేదో ఇవ్వండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మొన్న ఆదివారం మీ పేపర్లో రాజస్థాన్ కోటలు, రాజమహళ్ల టూర్ గురించి పెద్ద వ్యాసం వేశారు. ఫొటోలు చాలా బాగున్నాయి. పోయిన డిసెంబర్‌లో మేమూ ఆగ్రా దాకా రైల్లో వెళ్లి, అక్కణ్ణుంచి టాక్సీ మాట్లాడుకుని ఫతేపూర్ సిక్రీ, భరత్‌పూర్, డీగ్, జైపూర్ చూసొచ్చాం. అంత దూరం వెళ్లినందుకు నాకేమీ బాధ లేదు, కానీ తిరిగొచ్చిన నెలకే మెదక్ కోట, దాని దగ్గర్లోని పోచారం చెరువు చూడ్డానికి వెళ్లినప్పుడు ఒక విషయం మనసులో పడిపోయింది. అప్పట్నించీ ఎవరికైనా చెప్పాలని ఉంది, మీ వ్యాసం చదివాక ఇక ఆగలేక రాస్తున్నాను.

ముందు భరత్‌పూర్ సంగతి. అక్కడి పక్షుల పార్కు పేరు కేవలాదేవ్, ఊళ్లో వాళ్లు ఘనా అంటారు. మొత్తం కలిపి 29 చదరపు కిలోమీటర్లే. లోపలికి మన కార్లు పోనివ్వరు, నడవాలి, లేదా సైకిల్, రిక్షా. మా అమ్మకు మోకాళ్ల నొప్పులు కాబట్టి రెండు రిక్షాలు తీసుకున్నాం. మా రిక్షా తొక్కిన పెద్దాయనకు అరవై దాటి ఉంటాయి, మెడలో బైనాక్యులర్స్ వేలాడుతున్నాయి. కొంత దూరం పోయాక ఉన్నట్టుండి పెడల్ ఆపి, మాట్లాడొద్దని సైగ చేసి, ఒక తుమ్మచెట్టు చూపించాడు. మాకు కొమ్మలు తప్ప ఏమీ కనబడలేదు. ఆయన కిందికి దిగి, అమ్మ పక్కకొచ్చి, తన వేలు ఆమె కంటికి తిన్నగా వచ్చేట్టు పెట్టి, "మాతాజీ, ఆ కొమ్మ రెండుగా చీలిన చోట చూడండి" అన్నాడు హిందీలో. గుడ్లగూబ! అచ్చం బెరడు రంగులోనే ఉంది, ఒక కన్ను సగం తెరిచి మమ్మల్నే చూస్తోంది. మా అమ్మకు 72 ఏళ్లు, గుడ్లగూబ ఎదురైతే అపశకునం అని వింటూ పెరిగిన మనిషి. ఆ రోజు మాత్రం పావుగంట సేపు అక్కణ్ణుంచి రిక్షా కదలనివ్వలేదు.

ఆ పార్కులోనే గుడి దగ్గర ఒక రాతి ఫలకం ఉంది. ఏ రోజు ఎవరొచ్చి ఎన్ని పక్షుల్ని కాల్చారో అందులో చెక్కి పెట్టారు. 1938 నవంబర్ 12న వైస్రాయ్ లిన్‌లిత్‌గో వచ్చిన రోజు లెక్క 4,273. ఒక్క రోజులో! మా బాబు ఆ అంకె రెండుసార్లు పైకి చదివి ఊరుకుండిపోయాడు. భరత్‌పూర్ రాజులు బాతుల వేట కోసమే అక్కడ కట్టలు వేసి, అజాన్ బంధ్ అనే ఆనకట్ట నుంచి నీళ్లు తెచ్చి నిలిపారు. అదే చోటు 1982లో నేషనల్ పార్కు అయింది, 1985లో యునెస్కో జాబితాకెక్కింది. వేట కోసం నిలిపిన నీళ్లే ఇప్పుడు పక్షుల్ని బతికిస్తున్నాయని మాకు వివరంగా చెప్పింది కూడా ఆ రిక్షా పెద్దాయనే. అక్కడ రిక్షా తొక్కేవాళ్లకు పక్షుల గురించి ట్రైనింగ్ ఇచ్చారు. ఏ పక్షి ఏ చెట్టు మీద పడుకుంటుందో వాళ్లకు ఇంటి అడ్రస్ తెలిసినట్టు తెలుసు.

ఇక మెదక్. సంక్రాంతి తర్వాత శనివారం పొద్దున ఆరింటికి బాలానగర్‌లో కారెక్కి గండిమైసమ్మ, నర్సాపూర్ అడవి మీదుగా వెళ్లాం. మెదక్ అంటే అందరికీ చర్చే గుర్తొస్తుంది, కరువు రోజుల్లో జనానికి పని, తిండి దొరకాలని పదేళ్లు కట్టించి 1924 క్రిస్మస్ రోజున తెరిచిన చర్చి అది, తప్పకుండా చూడాల్సిందే. కానీ చర్చి దగ్గర ఆగిన కార్లలో పదోవంతు కూడా కోట వైపు రాలేదు. ఈ కోట పాత పేరు మెతుకుదుర్గం. కాకతీయుల నాటిది, తర్వాత కుతుబ్‌షాహీలు లోపల మసీదు కట్టారు. మొదటి ద్వారం మీద గండభేరుండం ఉంటుంది, రెండు తలల పక్షి. మా బాబుకి తొమ్మిదేళ్లు, భరత్‌పూర్ నుంచి వచ్చాక కనబడిన ప్రతి పక్షి పేరూ అడుగుతున్నాడు. దాన్ని చూడగానే "నాన్నా, ఇది ఏ చెరువులో ఉంటుంది?" అన్నాడు. అది కథల్లో పక్షి అని చెప్పాను. మరి కోట గుమ్మం మీద ఎందుకు పెట్టారు, ఎవరు పెట్టారు, పైన ఇంకో గుమ్మానికి ఏనుగులెందుకు చెక్కారు, ఆ ఫిరంగి ఎవరిది... నా దగ్గర జవాబుల్లేవు. ఆ పూట అక్కడ అడుగుదామంటే చెప్పేవాళ్లెవరూ కనబడలేదు. మెట్లు దిగేసరికి వాడు అడగడం మానేశాడు. నాకు చివుక్కుమంది.

అక్కణ్ణుంచి పోచారం పదిహేను కిలోమీటర్లు. నైజాం కాలంలో ఇదంతా నవాబుల వేట అడవి, 1916 నుంచి 1922 దాకా వాగుకు అడ్డంగా ఆనకట్ట కడితే ఈ చెరువు వచ్చింది, 1952లో అభయారణ్యం చేశారు. అంటే భరత్‌పూర్ కథే మన దగ్గరా ఉందన్నమాట. (ఆ మాటకొస్తే మన వనస్థలిపురం హరిణ వనస్థలి కూడా నిజాం వేటభూమే, రోజూ దాని పక్కనుంచే పోయే ఎంతమందికి తెలుసు?) పక్షుల శాస్త్రవేత్త సలీం అలీ అంతటివాడు 1930ల మొదట్లో హైదరాబాద్ రాష్ట్రమంతా తిరిగి పక్షుల సర్వే చేశాడు. ఇంత చరిత్ర ఉన్న నేల ఇది.

మేం కట్ట మీదికి వెళ్లేసరికి ఒక పెద్ద గుంపు స్పీకర్ పెట్టుకుని డ్యాన్సులు చేస్తోంది. దూరంగా నీళ్లంచున బూడిదరంగు పక్షులు చాలానే ఉన్నాయి గానీ, ఏంటో తెలియడం లేదు. ఒడ్డున వల సర్దుకుంటున్న ఒకాయన మా అవస్థ చూసి తనే వచ్చాడు. "గట్ల గాదు సార్, గీ దిక్కు కెల్లి రాండ్రి, ఎండ మన ఎన్కకుండాలె" అని మమ్మల్ని చుట్టూ తిప్పి ఒక బండ దగ్గరికి తీసుకెళ్లాడు. అక్కణ్ణుంచి స్పష్టంగా కనిపించాయి. తెల్లటి తల, దాని మీద వెనక వైపు రెండు నల్లచారలు. హిమాలయాలు దాటి వచ్చే బాతులు అవి, టిబెట్, మంగోలియా వైపు గుడ్లు పెట్టి చలికాలం మన దగ్గరికొస్తాయి. "రాత్రి, తెల్లారుజామున పొలాలల్ల మేస్తయ్, ఎండెక్కితే నీళ్ల కాడికొచ్చి పండుకుంటయ్. గా సౌండుకు మాత్రం జర బెదురుతయ్" అన్నాడాయన. అంటుండగానే స్పీకర్ సౌండు ఇంకా పెంచారు. అంతే, గుంపు మొత్తం ఒక్కసారి లేచి, చెరువు మీద రెండు చుట్లు తిరిగి, అవతలి ఒడ్డుకు వెళ్లిపోయింది. మా బాబు బైనాక్యులర్స్ పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఆ జాలరి మొహంలో కూడా అదే బాధ కనబడింది నాకు.

ఎడిటర్ గారూ, నేను చెప్పదలుచుకున్నది ఇదే. రోడ్డు బాగుంది, హైదరాబాద్ నుంచి పొద్దున వెళ్తే కోట, చర్చి, చెరువు చూసుకుని రాత్రి భోజనానికి ఇంటికొచ్చేయొచ్చు. చూపించగలిగే మనిషి కూడా అక్కడే ఉన్నాడు, భరత్‌పూర్ రిక్షా ఆయనకు ఏమాత్రం తీసిపోడు. కాకపోతే అది తన పని అని ఆయనకెవరూ చెప్పలేదు. చెరువు చుట్టూ ఉన్న ఊళ్లలో ఇలాంటి వాళ్లను, మెదక్‌లో చదువుకుని ఖాళీగా ఉన్న పిల్లలను ఒక పదిహేను, ఇరవై మందిని తీసుకుని, చరిత్ర కొంత, పక్షుల పేర్లు కొన్ని నేర్పించి, ఒక గుర్తింపు కార్డు, ఒక మంచి బైనాక్యులర్స్ ఇస్తే చాలు. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా ఆదివారాలు సిటీ నుంచి ఈ దారిలో ఒక బస్సు వేస్తే కారు లేని వాళ్లూ వస్తారు. ఆ నాలుగు నెలలు కట్ట మీద స్పీకర్లు బంద్ చేయాలి, అది చెప్పడానికి కూడా స్థానికుడే ఉంటే జనం వింటారు. ఆడవాళ్లకు శుభ్రమైన బాత్రూమ్‌లు కూడా కావాలి, మా అమ్మ ఆ రోజు దాహమేస్తున్నా నీళ్లు తాగకుండా తిరిగింది. ఇది కుదిరితే సంగారెడ్డి దగ్గర మంజీరా, సిటీ అంచున అమీన్‌పూర్ చెరువు కూడా ఇలాగే చేయొచ్చు.

మీరు రాజస్థాన్ గురించి రాసినంత వివరంగా ఈ దారి గురించి ఒక్క ఆదివారం రాయండి. సంబంధిత అధికారులు మీ పేపర్ చదువుతారు, నా ఉత్తరం చదవరు.

వచ్చే నవంబర్‌లో మా అపార్ట్‌మెంట్ నుంచి నాలుగు కుటుంబాలు పోచారం వెళ్తున్నాం. ఆ జాలరి ఫోన్ నంబర్ తీసుకున్నాను. మాతో రోజంతా ఉండాలి, ఎంతివ్వమంటారు అని అడిగితే కాసేపు ఆలోచించి "మీ ఇష్టం సార్, గిన్ని రోజులు నన్నెవ్వలు అడగలె" అన్నాడు.

మీ పాఠకుడు,
బాలానగర్, హైదరాబాద్