గాత్రానికి ప్రీఆంప్: పరిచయాల్లో ఈ వివరాలూ రాయండి

సంపాదకులకు,

ఇంట్లోనే పాటలు రికార్డు చేసుకునేవారి కోసం పత్రికల్లో పరికరాల పరిచయాలు వస్తున్నాయి, సంతోషం. అయితే వింటేజ్ (పాతకాలపు) తరహా మైక్ ప్రీఆంప్, అంటే మైక్ ఇచ్చే బలహీనమైన సిగ్నల్‌ను పెంచే పరికరం దగ్గరికి వచ్చేసరికి ‘వెచ్చని ధ్వని’ అన్న ఒక్క మాటతో సరిపెడుతున్నారు. ఆ మాట చూసి ఏదీ ఎంచుకోలేం. కొనేవారికి పనికొచ్చే వివరాలు కూడా ఇవ్వాలని కోరుతున్నాం.

ముందుగా గెయిన్, అంటే ప్రీఆంప్ సిగ్నల్‌ను ఎంత పెంచుతుందన్నది. అది ఎంత కావాలో మీ మైకే చెబుతుంది. షూర్ ఎస్ఎం7బి మైక్ సెన్సిటివిటీ (ఎంత ధ్వని ఒత్తిడికి ఎంత వోల్టేజీ ఇస్తుందన్న అంకె) పాస్కల్‌కు 1.12 మిల్లీవోల్టులు. దాన్ని స్టూడియో పరికరాల ప్రామాణికమైన ప్లస్ 4 డీబీయూ లైన్ స్థాయికి, అంటే 1.23 వోల్టులకు తేవాలంటే దాదాపు 61 డెసిబెల్స్ పెంచాలి. మెల్లగా పాడేవారికి ఇంకా ఎక్కువే కావాలి. పాస్కల్‌కు 20 మిల్లీవోల్టులిచ్చే కండెన్సర్ మైక్‌కు 36 చాలు. అందుకే 50 డెసిబెల్స్ దగ్గర ఆగిపోయే ప్రీఆంప్ ఒకరికి బంగారం, మరొకరికి దండగ. గెయిన్‌తోపాటు ప్రీఆంప్ సొంత రొద ఎంతో చెప్పే ఈఐఎన్ అనే నాయిస్ అంకె కూడా చూడాలి; మైనస్ ఎంత ఎక్కువైతే అంత మేలు. 150 ఓమ్‌ల సోర్స్‌తో కొలిస్తే మైనస్ 131 డీబీయూ దాదాపు భౌతిక హద్దు. అంతకన్నా గొప్ప అంకె కనిపిస్తే ఇన్‌పుట్‌ను షార్ట్ చేసి కొలిచారా, ఎ-వెయిటింగ్ (చెవికి తక్కువగా వినబడే ఫ్రీక్వెన్సీలను తగ్గించి లెక్కించడం) వాడారా అని అడగాల్సిందే.

చాలామంది పట్టించుకోనిది, పెంచిన సిగ్నల్‌ను బయటికి వెళ్లేముందు తగ్గించుకునే అవుట్‌పుట్ నాబ్. 1970 నాటి అసలు నీవ్ 1073 ప్రీఆంప్ విడి పెట్టె కాదు, స్టూడియో మిక్సింగ్ కన్సోల్‌లో అమర్చే ఒక మాడ్యూల్. దాని తర్వాత కన్సోల్ ఫేడర్ (స్థాయిని మార్చే జారుడు మీట) ఉండేది కాబట్టి ధ్వనికి రంగు వచ్చేలా గెయిన్ బాగా పెంచి, స్థాయిని ఫేడర్‌తో దించుకునేవారు. ఆ తరహా ప్రీఆంప్‌ను విడిగా పెట్టెలో పెట్టి, అవుట్‌పుట్ నాబ్ ఇవ్వకపోతే ఆ వీలు పోతుంది. గెయిన్ ఒక మెట్టు ఎక్కిస్తే 5 డెసిబెల్స్ పెరుగుతుంది, రంగు రాకముందే ఇంటర్‌ఫేస్ (ధ్వనిని కంప్యూటర్‌కు చేర్చే పెట్టె) క్లిప్ అవుతుంది, అంటే స్థాయి హద్దు దాటి ధ్వని చెడుతుంది. గాత్రం కోసం కొనేవారికి మా సలహా ఒకటే: ఈ నాబ్ లేనిది వద్దు.

రంగు అంటే పరికరం అసలు స్వరానికి జతచేసే పై స్వరాలు, అంటే హార్మోనిక్స్; సంగీతం తెలిసినవారికి తేలిగ్గా చెప్పవచ్చు. వాల్వ్‌లో (గాజు ట్యూబులో) ఎక్కువగా పుట్టేది రెండో హార్మోనిక్, అంటే షడ్జమానికి పై షడ్జమం. ట్రాన్స్‌ఫార్మర్‌లో ఎక్కువగా పుట్టేది మూడోది, ఆ పై షడ్జమం మీది పంచమం. ట్రాన్స్‌ఫార్మర్ కోర్ తక్కువ ఫ్రీక్వెన్సీల దగ్గరే ముందు నిండిపోతుంది. కాబట్టి మైక్‌కు మరీ దగ్గరగా పాడితే మంద్రస్థాయి ముద్దవుతుంది, ‘ప’, ‘భ’ల గాలిదెబ్బకు మాట చితికిపోతుంది. 15 నుంచి 20 సెంటీమీటర్ల దూరం, పాప్ ఫిల్టర్ (గాలిదెబ్బను ఆపే తెర) తప్పనిసరి. చవక పెట్టెల్లో వాల్వ్ వెలుగుతూ కనబడినంత మాత్రాన మురిసిపోవద్దు. 12ఎఎక్స్7 వాల్వ్ సవ్యంగా పనిచేయడానికి ప్లేట్ సర్క్యూట్‌కు సాధారణంగా 200 వోల్టులకు పైగా సరఫరా కావాలి. కొన్నిటిలో అది కొద్ది పదుల వోల్టులతోనే నడుస్తుంది, గొంతు బరకగా వినిపిస్తుంది.

రిబ్బన్ మైక్ (పలుచని లోహపు పట్టీతో పనిచేసేది) వాడేవారు ప్రీఆంప్ ఇన్‌పుట్ ఇంపిడెన్స్, అంటే సిగ్నల్‌కు అది చూపే నిరోధం, చూడాలి. అది మైక్ ఇంపిడెన్స్‌కు కనీసం 5 రెట్లుండాలి. 1073 తరహాలో 1200, 300 ఓమ్‌ల స్విచ్ ఉంటుంది. 300 ఓమ్‌ల రిబ్బన్‌ను 300 మీద పెడితే 6 డెసిబెల్స్ అక్కడే పోతాయి, ధ్వనిలో నిండుదనం తగ్గుతుంది. ఫాంటమ్ పవర్ (కేబుల్ గుండానే మైక్‌కు అందే విద్యుత్తు) ఆపాకే రిబ్బన్ తగిలించాలి. కేబుల్‌లో ఒక తీగ తెగి ఉన్నా రిబ్బన్ సాగిపోవచ్చు.

ఇక అన్నిటికన్నా మామూలుగా జరిగే పొరపాటు. ప్రీఆంప్ అవుట్‌పుట్‌ను ఇంటర్‌ఫేస్ మైక్ సాకెట్‌లో గుచ్చుతారు. అప్పుడు పాట రెండు ప్రీఆంప్‌ల గుండా పోతుంది, హిస్ (బుసలాంటి రొద) పెరుగుతుంది, కొన్న రంగు మరుగున పడుతుంది. రెండు రకాల ప్లగ్గులూ పట్టే చాలా కాంబో సాకెట్లలో ఎక్స్‌ఎల్‌ఆర్ (మూడు పిన్నుల ప్లగ్) మైక్ ఇన్‌పుట్‌కు, టీఆర్‌ఎస్ (జాక్ ప్లగ్) లైన్ ఇన్‌పుట్‌కు వెళ్తాయి. ఆడ ఎక్స్‌ఎల్‌ఆర్ నుంచి బ్యాలెన్స్‌డ్ టీఆర్‌ఎస్‌కు వెళ్లే ఒక్క కేబుల్ చాలు. సగటు స్థాయి మైనస్ 18, శిఖరాలు మైనస్ 10 డీబీఎఫ్‌ఎస్ (డిజిటల్ గరిష్ఠ హద్దును సున్నాగా తీసుకునే కొలత) దగ్గర ఉంచాలి.

రెండు ప్రీఆంప్‌లను పోల్చి రాసేటప్పుడు ఒకే గొంతు, ఒకే మైక్ వాడి, స్థాయిల తేడా 0.1 డెసిబెల్‌లోపు సరిచేశాకే వినమని మీ రచయితలకు చెప్పండి. కాస్త బిగ్గరగా ఉన్నదే మేలైనదిగా చెవికి తోస్తుంది.

— కొందరు రికార్డింగ్ ఇంజనీర్లు