నల్ల స్క్రీను ముందర మూడు రాత్రులు

రేయ్ మావా,

బాగుండావా. నీ మెసేజీ వచ్చి నాలుగు రోజులైంది, జవాబు రాయలేదని తిట్టుకోవద్దు, ఎందుకు రాయలేదో అదే చెప్తాండా. మీ నాయన కంప్యూటర్లో లినక్స్ ఎక్కిస్తా, దాంట్లో జీటీ 730 గ్రాఫిక్స్ కార్డు (తెర మీద బొమ్మ చూపిచ్చేది) ఉండాది, ఆదివారం మొదలుపెడతా అన్నావు కదా. ఆగు సామీ. ముందు నా కథ విను, తర్వాత ముట్టుకుందువు పెన్‌డ్రైవు.

కమలానగర్‌లో మా బావ జిరాక్స్ షాపు తెలుసు కదా, ఆడుండేది ఆరో జనరేషన్ ఐ3 సిస్టం. మదర్‌బోర్డు మీద డిస్‌ప్లే పోర్టు ఎప్పుడో పోయింటే సెకండ్‌హ్యాండ్‌లో జీటీ 710 ఒకటి తెచ్చి దూర్చినాడు. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్టు అయిపాయ, 11 వేద్దామంటే ఇంటెల్‌లో ఎనిమిదో జనరేషన్ నుంచే తీసుకుంటాది, సరే బావా లినక్స్‌లోనే ఒక రకం, మింట్ వేస్తా, ఒక పూట పని అని నోరు జారినా. ఒక పూట! మూడు రాత్రులు పట్టింది రా.

మొదటి రాత్రి పెన్‌డ్రైవుతో ఆన్ చేస్తే లోగో వచ్చె, ఆ వెనకాలే స్క్రీను నల్లగా అయిపాయ. మానిటర్ కేబులు పీకి పెట్టినా, ర్యామ్ తీసి తుడిచినా, కార్డు ఫ్యానులో మన అనంతపురం దుమ్మంతా ఊదినా, ఏం లేదు. మా అక్క కాఫీ ఇచ్చి, "తెల్లార్లూ నల్ల తెర చూసుకుంటా కూర్చున్యావు, అమావాస్య జాగారమా" అనింది. చివరికి తెలిసిందేందంటే, బూట్ మెనూలోనే కంపాటిబిలిటీ మోడ్ అని ఒకటి ఉంటాది, అది నోమోడ్‌సెట్ అనే మాట కలిపి బూట్ చేస్తాది, అంటే కార్డుతో గొడవ పెట్టుకోకుండా ముందు బొమ్మ చూపిచ్చు అని చెప్పడం. అట్ల చేస్తే లేచింది. అక్షరాలు మాత్రం గోడమీద ఎలక్షన్ రాతలంత లావు, కిటికీలు జరిపితే ఈడ్చుకుంటా వస్తాయి. అది అట్లే ఉంటాది, అసలు డ్రైవర్, అంటే కార్డును నడిపిచ్చే ప్రోగ్రామ్, వేసేదాకా.

ఇంక రెండో రాత్రి చేసింది పూర్తిగా నా తప్పే. ఆ కార్డు చిప్పు చేసే ఎన్విడియా కంపెనీ సైటుకు పోయి ఉండేదాంట్లోకెల్లా కొత్త డ్రైవర్ దించుకున్యా, కొత్తదైతే మంచిది కదా అని. ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు ఏదో పెద్ద హెచ్చరిక వచ్చింది, చదవకుండా ఓకే కొట్టినా. దాంట్లో రాసిందేందో తెలుసా, ఈ కార్డుకు 470 సిరీస్ పాత డ్రైవర్ వాడు, ఇది పని చెయ్యదు అని! జీటీ 710లో ఉండేది కెప్లర్ అనే పాత తరం చిప్పు, కెప్లర్‌కు 470తోనే ఆఖరు. పైగా ఆ ఇన్‌స్టాలరు, లినక్స్‌తో పాటు వచ్చే నూవో డ్రైవర్‌ను కూడా ఆపేస్తాది. కొత్తదీ లేదు, ఉన్నదీ లేదు, మళ్ళీ నలుపు. కంట్రోల్ ఆల్ట్ ఎఫ్3 నొక్కితే అక్షరాల తెర వచ్చింది, ఆడ లాగిన్ అయి దాన్ని అన్‌ఇన్‌స్టాల్ చేసి బయటపడినా.

మూడో రాత్రి బుద్ధిగా మింట్ డ్రైవర్ మేనేజర్ తెరిస్తే 470 అని అదే చూపిస్తాంది, ఒక్క క్లిక్కు. అయిపోయిందనుకున్యా. రీస్టార్ట్ చేస్తే నీలం తెర వచ్చి ఏదైనా మీట నొక్కు అంటాది, పది సెకన్లే, నేనేమో నీళ్ళు తాగను పోయినా. వచ్చేసరికి అది దాటిపోయి, డ్రైవర్ లోడ్ కాలా. సెక్యూర్ బూట్, అంటే నమ్మకం లేని ప్రోగ్రాములను లేవనియ్యని కాపలా, ఆన్‌లో ఉంటే మనం వేసిన డ్రైవర్ సంతకం నమ్మకమైనదే అని ఆ తెరలో మనం ఒప్పుకోవల్ల: ఎన్రోల్ మోక్, కంటిన్యూ, ఎస్, ఇన్‌స్టాల్ చేసేటప్పుడు పెట్టిన పాస్‌వర్డు, రీబూట్. మళ్ళీ ఆ తెర రప్పిచ్చేదానికి ఇంకో గంట పట్టింది. ఆ తర్వాత సూడాల, బొమ్మ ఫుల్ సైజులో, అద్దం మాదిరి.

ఇప్పుడు నీ సంగతి. జీటీ 730 అనే పేరుతోనే రెండు రకాల చిప్పులుండాయి రా, కొన్ని ఫెర్మీ అని ఇంకా పాత తరం, కొన్ని కెప్లర్. డబ్బా చూసి చెప్పలేం. పెన్‌డ్రైవుతో కంపాటిబిలిటీ మోడ్‌లో లేపి, ఏమీ ఇన్‌స్టాల్ చెయ్యకుండానే టెర్మినల్‌లో (కమాండ్లు టైపు చేసే కిటికీ) ఎల్ ఎస్ పీ సీ ఐ (lspci, మధ్యలో ఖాళీ లేకుండా) అని కొట్టు, వీజీఏ (VGA) అనే లైను చూడు. జీకే (GK) అని ఉంటే కెప్లర్, నా దోవే, 470. జీఎఫ్ (GF) అని ఉంటే ఫెర్మీ, దానికి 390 సిరీస్, అది 2022తోనే ఆపేసినారు, దాని జోలికి పోవద్దు, నూవోతోనే లాగిచ్చు, మీ నాయన పేపర్ చదివేదానికీ యూట్యూబ్‌కీ అదెక్కువ. ఇంకోటి, 470 పాతది కాబట్టి కొత్త కెర్నల్ (లినక్స్‌కు గుండెకాయ లాంటిది) వచ్చిందని ఎగబడి వెయ్యద్దు, పొసగకపోవచ్చు. మింట్‌లోనే ఉండే టైమ్‌షిఫ్ట్ ఆన్ చేసి ఒక స్నాప్‌షాట్, అంటే చెడిపోతే వెనక్కి పోయేదానికి సిస్టం కాపీ, పెట్టుకున్యాకే ఏదైనా.

మా బావేమన్నా మెచ్చుకున్యాడా అంటే, ప్రింటర్ ఎప్పుడు పని చేస్తాదని అడిగినాడు. అది ఇంకో ఉత్తరం.

ఆ వీజీఏ లైను ఫోటో తీసి పంపు. నేను చూసేదాకా ఓకే కొట్టద్దు. ఊరికి వస్తే ఉగ్గాని బజ్జీ తిందాం, డబ్బులు నువ్వే ఇయ్యల్ల, కన్సల్టింగ్ ఫీజు.

ఉంటా మరి.