కౌబాయ్ టోపీలు సరే, ఆవులు మేపే పిల్లోళ్ళ సంగతేంది?

ఎడిటర్ గారికి నమస్కారం.

కనుమ పోయినాక మా చంద్రగిరి వైపు పశువుల పండగ ఫొటోలు అందరి ఫోన్లలో తిరగతా ఉన్నాయి, సగం ఫొటోల్లో ఎద్దు కనపడదు, కొమ్ములకి కట్టిన పలకా కనపడదు, కౌబాయ్ టోపీ పెట్టి కూలింగ్ గ్లాసులేసిన కుర్రోళ్ళే కనపడతారు. పెట్టుకోనీండి, ఎవరు వద్దన్నారు, 1971లో కృష్ణ గారు ఆ టోపీతో గుర్రమెక్కినప్పటి నుంచి మనోళ్ళకి అదంటే మోజు, మా నాయన తరం కూడా తక్కువేం తినలేదు. కానీ ఫొటో కింద కౌబాయ్ అంటే ఎవడికీ తల వంచనోడు అని రాసుకుంటా ఉన్నారు చూడండి, ఈ ఉత్తరం దాని గురించే.

అసలు కౌబాయ్ అనేవాడు జీతగాడండీ. అమెరికాలో అంతర్యుద్ధం 1865లో ముగిసేటప్పటికి టెక్సస్‌లో పశువులు లక్షల్లో రేటు లేకుండా పడున్నాయి, ఉత్తరాది సిటీల్లో మాంసానికి మంచి ధర ఉంది, అక్కడికి తోలడానికి దగ్గర్లో రైలు లేదు. 1867లో కాన్సస్‌లోని ఎబిలీన్‌లో రైలు పక్కనే పశువుల బేరం మొదలయినాక మందల్ని అంత దూరం నడిపించే పనికి జనం కావాల్సొచ్చింది. రెండు మూడు వేల పశువులు, వాటికి పది పన్నెండు మంది మనుషులు, రోజుకి పది పదిహేను మైళ్ళ నడక, అట్ల నెలల తరబడి. జీతం నెలకి 30, 40 డాలర్లు. గుర్రం కూడా మామూలుగా యజమానిదే, వీడి సొంతం అంటే జీను. రాత్రిపూట వంతులేసుకుని మంద చుట్టూ తిరగాల, ఉరిమితే బెదిరి పరిగెత్తుతాయని మెల్లగా పాటలు పాడతా తిరిగేవాళ్ళంట. తుపాకీ కాల్చిన రోజుల కంటే దుమ్ము మింగిన రోజులే ఎక్కువ. వాళ్ళల్లో నల్లజాతి వాళ్ళు, మెక్సికో వాళ్ళు చానా మంది, ఆ పని పద్ధతులు నేర్పిందే మెక్సికో వాళ్ళు, సినిమాల్లో మాత్రం అందరూ తెల్లోళ్ళే కనపడతారు. 1874లో ముళ్ళ తీగకి పేటెంట్ వచ్చి భూములకి కంచెలు పడ్డాయి, రైళ్ళు టెక్సస్ దాకా వచ్చేశాయి, 1886-87 చలికి మందలకి మందలే చచ్చిపోయాయి, ఇరవై ఏళ్ళు దాటేసరికి ఆ పెద్ద నడకలు దాదాపు అయిపోయినట్టే.

మరి కౌబాయ్ విలువలని అంత గొప్పగా చెప్పేవి ఏంది? అమెరికాలోని వయోమింగ్ రాష్ట్రం 2010లో కౌబాయ్ నీతి అని పది సూత్రాలు పెట్టుకుంది, తప్పితే శిక్షలేం లేవు, ఊరికే గౌరవానికి. మొదలుపెట్టిన పని ముగించు, మాటిస్తే నిలబెట్టుకో, తక్కువ మాట్లాడు, అమ్మకానికి లేనివి కొన్ని ఉంటాయి, ఇట్లాంటివి. ఇందులో ఒంటరి హీరో ఎక్కడున్నాడు చెప్పండి. ఇవన్నీ ఇంకొకరి సొమ్ము చేతిలో ఉన్న కూలోడికి కావాల్సిన గుణాలు, వీడు వంతులో నిద్రపోతే పడుకున్న పదిమందినీ మంద తొక్కేస్తుంది. అట్లని నోరు మూసుకుని పడుండమని కాదు, 1883లో టెక్సస్‌లో కౌబాయ్‌లు నెలకి 50 డాలర్లు ఇమ్మని సమ్మె చేశారు, ఓడిపోయారు అది వేరే సంగతి. వాళ్ళు మందలు మేపిన నేల చానా వరకు అక్కడి ఆదివాసుల్ని తరిమేసి తీసుకున్నదే, కాబట్టి అందర్నీ దేవుళ్ళని చెయ్యడం కూడా నాకిష్టం లేదు.

ఇప్పుడు మన జిల్లాకి వస్తా. ఏ ఊరికి పోయినా ఇంటిముందు ఒక జెర్సీ ఆవన్నా ఉంటుంది, మా వీధిలోనే ఒక అబ్బాయి తెల్లారి నాలుక్కి లేచి పాలు పిండి, క్యాను బండికి తగిలించి పాల సెంటర్‌కి పోతాడు, ఫ్యాట్ తగ్గిందంటే రేటు కోసేస్తారు, అయినా వాడు క్యాన్లో చుక్క నీళ్ళు కలపడు. మళ్ళీ గడ్డి కొయ్యాల, పేడ ఎత్తాల, ఆవు ఈనే రాత్రి కొట్టంలోనే కూర్చోవాల. వానాకాలం జ్వరమొచ్చినా సెలవు లేదు, ఆవుకి ఆదివారం తెలీదు కదా. ఆ పైన మగదూడ పుడితే ఏం చెయ్యాలో తెలీక కొందరు రోడ్డు మీద వదిలేస్తా ఉన్నారు, అమ్మకానికి లేనివి కొన్ని ఉంటాయి అనే మాట నాకు అక్కడ గుర్తొస్తుంది గానీ మేత రేటు చూసినాక వాళ్ళని తిట్టడానికి కూడా నోరు రాదు. ఈ అబ్బాయికి మూడు సంబంధాలు వచ్చి వెనక్కి పోయినాయి, ఆవులు మేపుకునేటోడికా మా పిల్లని ఇచ్చేది అన్నారు. అన్నోళ్ళ కొడుకు స్టేటస్‌లో కౌబాయ్ టోపీ ఉంది, నేను చూశా.

ఒక మనవి. మీ రిపోర్టర్‌ని పండగ రోజు కాకుండా ఏదో ఒక మామూలు మంగళవారం తెల్లారి పాల సెంటర్‌కి పంపండి, క్యాన్లు దించే వాళ్ళతో మాట్లాడమనండి, లీటరుకి చేతికెంతొస్తుందో, దాణా బస్తా ఎంతుందో ఉన్నదున్నట్టు వెయ్యండి. ఇంకొకటి, మీ పేపర్లో వధూవరుల ప్రకటనల్లో పాడి చేసుకునే అబ్బాయిలకి రేటు సగం చెయ్యండి, మా వీధి అబ్బాయి ప్రకటన నేనే రాసి పంపిస్తా.

ఇట్లు,
ఒక పాఠకుడు,
చంద్రగిరి, తిరుపతి జిల్లా