టేపు పట్టుకుని కొలవమన్న అన్నకు, మిగతా అందరికీ థాంక్స్

ఆగస్టులో నేను ఇక్కడ, 24 హెచ్‌పీ మినీ ట్రాక్టర్ కొనాలా, 45 హెచ్‌పీ పెద్ద బండి కొనాలా అని అడిగినప్పుడు ఇంతమంది పని మానుకుని మరీ చెప్తారని అనుకోలేదు. ఫోన్లు చేశారు, గంటలు గంటలు ఓపిగ్గా మాట్లాడారు. దసరాకు బండికి పూజ కూడా చేయించాం, ఇంకా థాంక్స్ చెప్పకపోతే బాగుండదు.

తెలియనివాళ్ల కోసం: మాది నల్లగొండ జిల్లా, హాలియా పక్కన. నాలుగున్నర ఎకరాల బత్తాయి, తొమ్మిదేళ్ల తోట, కాలువ కింద రెండెకరాల వరి. ఇన్నాళ్లూ కిరాయి బండ్లే. అదునులో మనకు కావాల్సినప్పుడు ఒక్కడూ దొరకడు, దొరికే టైంకి గరిక మోకాళ్ల దాకా లేస్తుంది. అందుకే సొంతది కొందామని. మా నాయన మాత్రం మొదటి నుంచీ పెద్ద బండి మీదే ఉన్నాడు, "అంత డబ్బు పెట్టి బొమ్మ బండి తెస్తావా, ఊళ్లో నవ్వుతారు" అని. షోరూం అతనూ అదే పాట, స్టాక్ ఉంది, రేపే డెలివరీ, రోటవేటర్‌కి (వెనక తగిలించుకుని మట్టిని తిప్పి గుల్ల చేసేది) డిస్కౌంట్ ఇప్పిస్తా అని. నేనూ దాదాపు అడ్వాన్స్ కట్టేసేవాణ్నే.

అప్పుడు అనంతపురం నుంచి ఒక చీనీ రైతు ఫోన్ చేశాడు (మనం బత్తాయి అనేదాన్ని వాళ్లు చీనీ అంటారు, మొదటి రెండు నిమిషాలు ఆయన వేరే పంట గురించి చెప్తున్నాడేమో అనుకున్నా). ఆయన హెచ్‌పీ ఊసే ఎత్తలేదు. "టేపు తీసుకుని తోటలోకి పోప్పా. మొద్దు నుంచి మొద్దుకు కాదు, కొమ్మ కొస నుంచి కొమ్మ కొసకు కొలువు. అది కూడా ఇప్పుడే, కాయ బరువుకు కొమ్మలు వంగి ఉన్నప్పుడే కొలువు" అన్నాడు.

పొద్దున్నే నేనొక కొస, మా ఆవిడొక కొస పట్టుకుని కొలిచాం. చెట్లు 20 అడుగుల దూరంతో పెట్టినవి కాబట్టి సందు బోలెడు ఉందనే ధీమాలో ఉన్నా. చాలా సాళ్లలో ఆరడుగులు వచ్చింది. కాలువ వైపు, నీళ్లు బాగా అందే చోట అయిదుంబావు. పెద్ద బండి వెడల్పే ఆరడుగులకు దగ్గర, వెనక రోటవేటర్ కూడా అంతే. పైకి నిలబడి ఉండే సైలెన్సర్ సంగతి చెప్పనే అక్కర్లేదు, తగిలిన కొమ్మకల్లా ఆకు మాడుతుంది. పోయినేడు కిరాయి బండి ఒక సాలు తిరిగొచ్చేసరికి నిమ్మకాయంత కాయలు కింద రాలి ఉంటే ఆ డ్రైవర్ తమ్ముణ్ని నోటికొచ్చినట్టు తిట్టాను. పాపం, వాడు మాత్రం ఏం చేస్తాడు, ఆ సందులో ఆ బండి పట్టదు. మొన్న కనపడితే సారీ చెప్పి టీ తాగించా.

బత్తాయికి పీచు వేర్లు పైపైనే ఉంటాయి, బరువైన బండితో లోతుగా తిప్పితే కలుపుతోపాటు అవీ తెగుతాయని చెప్పింది కూడా ఆ అన్నే.

తర్వాత మిర్యాలగూడ అక్క. ఆమె లెక్క వేరే. "తోట పని పక్కన పెట్టు, నీకు పెద్ద బండి ఏడాదికి ఎన్ని గంటలు అవసరం?" అని అడిగింది. రెండు వరి పంటలకు దమ్ము (నాటుకు ముందు నీళ్లు పెట్టి దున్నడం), దుక్కి కలిపి పద్నాలుగు గంటలు దాటలేదు. ఆ పద్నాలుగు గంటలు కిరాయికి పెట్టుకో, మిగతా ఏడాదంతా తోటలో పనికొచ్చేదే కొనుక్కో అంది. అక్కా, మా నాయన నోరు మూయించింది మీ లెక్కే, నా టేపు కాదు!

నిడమనూరు వైపు ఒక పెద్దాయన తన మినీని సగం రోజు నా చేతికి ఇచ్చేశారు. డీజిల్ డబ్బులు కూడా తీసుకోలేదు. అక్కడే దాని బలహీనతలూ తెలిశాయి. ఎండి బిగిసిన నల్లరేగడిలో దుక్కి దున్నే కల్టివేటర్ దించితే ముందు చక్రాలు తేలినట్టయ్యాయి, గుండె ఝల్లుమంది. మినీ తీసుకుంటే ఫోర్ వీల్ డ్రైవే (నాలుగు చక్రాలూ లాగేది) తీసుకో, నేలలో తడి పదును చూసుకుని దించు అని ఆయన అన్నదెందుకో అప్పుడు అర్థమైంది. వెనక తగిలించినవాటిని ఎత్తే లిఫ్ట్ కూడా ఈ సైజు బండ్లలో మామూలుగా 750 కేజీలే, పెద్దవాటికి దానికి రెట్టింపు దాకా ఉంటుంది. అందుకే పెద్ద స్ప్రే ట్యాంకు ఆలోచన మానుకున్నా, 200 లీటర్ల డ్రమ్ముతోనే మందు కొడుతున్నాం.

ఇంకో తమ్ముడు "అన్నా, సెప్టెంబర్ 22 దాకా ఆగు" అని ఒక్క ముక్క మెసేజ్ పెట్టాడు. ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది 2025లో ఆ రోజు నుంచే. ఆరు లక్షల బండి మీద దాదాపు 37 వేలు మిగిలాయి. తమ్ముడూ, నీకు బిర్యానీ ఎన్నిసార్లు పెట్టించాలో నువ్వే చెప్పు.

చివరికి 24 హెచ్‌పీ ఫోర్ వీల్, నాలుగడుగుల రోటవేటర్ తీసుకున్నా. ఒక్కో సాలులో రెండు సార్లు తిరగాలి, టైం పడుతుంది, నిజమే. ట్రాలీ మీద నిండుగా లోడు వేసి రోడ్డెక్కడం కూడా దీనితో కాదు. కానీ ఈసారి కాయ దిగేదాకా ఒక్క కొమ్మ విరగలేదు. బొమ్మ బండి అన్న మా నాయన ఇప్పుడు తాళం చెవి జేబులోంచి తీయడం లేదు, నేను అడిగి తీసుకోవాల్సి వస్తోంది.

అనంతపురం అన్నా, మీ ఇంట్లో చీనీకి కరువు లేదని తెలుసు. అయినా కత్తెర కాయ (వేసవి కాపు) దిగగానే ఒక బస్తా మా బత్తాయి మీకు వస్తుంది, వద్దనకండి.