బి ఫ్లాట్ పలికిందిరా గోలీ

ఒరేయ్ గోలీ,

ముందు నువ్వు తిట్టాలనుకున్నవన్నీ తిట్టేసెయ్, ఆ తర్వాత చదువు. నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటింది, సారీరా, నిజంగా సారీ. మూడుసార్లు మొదలెట్టాను, ఒకసారైతే చాలా దూరం రాశాను కూడా, కానీ అప్పటికి అసలు సంగతి తేలలేదు. తేలకుండా పంపిస్తే అర్ధరాత్రి ఫోన్ చేసి "తర్వాతేటైంది" అని పీక్కుతింటావు, గొడుగు విషయంలో చేశావు చూడు, అలా. ఇప్పుడు తేలింది. నిన్న రాత్రే తేలింది, అందుకే పొద్దున్నే కూర్చున్నాను.

మిగతావి గబగబా చెప్పేస్తాను. అమ్మ బావుంది, బీపీ మాత్ర మార్చారు. ఆఫీసు రుషికొండ మీదే, మేనేజర్ మారాడు, కొత్తాయన మంచోడే. చందనోత్సవానికి సింహాచలం వెళ్ళలేదు, క్యూలు టీవీలో చూసి అమ్మే వద్దంది. చెల్లి చంటిదాన్ని తీసుకుని వచ్చి నెలయింది, దానికి ఎనిమిదో నెల, రెండు పళ్ళు. మూడో బెంచీ వాడికి పెళ్ళి కుదిరింది, అవును వాడికే, వివరాలు తర్వాత. అయిపోయింది.

ఇప్పుడు అసలు కథ. జనవరిలో ఉకులేలే, అదే గిటార్ పిల్లలా ఉండే వాద్యం, కొన్నానని చెప్పాను కదా. ఆన్‌లైన్‌లో, సోప్రానో, మామూలుగా దొరికేవాటిలో చిన్న సైజు, 21 అంగుళాలు. నాలుగు నైలాన్ తీగలు, వాటి స్వరాల పేర్లు జి సి ఇ ఎ. గిటార్‌లా పైన లావు తీగ కింద సన్న తీగ అనుకోకు, దీంట్లో పైన ఉండే జి తీగే సి కన్నా ఎక్కువ శృతిలో ఉంటుంది, ఆ గలగల శబ్దమంతా అక్కణ్ణించే వస్తుంది. మాస్టారి గురించి మాత్రం చెప్పలేదనుకుంటా. జ్ఞానాపురంలో ఉంటారు, డీజిల్ లోకో షెడ్‌లో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యారు, నలభై ఏళ్ళుగా చర్చిలో గిటార్ వాయిస్తున్నారు. ఆదివారం ప్రార్థన అయ్యాక మధ్యాహ్నం మూడింటికి నా క్లాసు. రుషికొండలో 900కె బస్సెక్కి రైల్వే స్టేషన్‌లో దిగి అక్కణ్ణించి నడక.

ఆయన హోంవర్క్ అనరు, పందెం అంటారు. "ఈ వారం పందెం ఏటంటే" అని మొదలెడతారు, ఎంత బావుంటుందో వినడానికి. రోజుకి పది నిమిషాలు తప్పకూడదు. శనివారం రాత్రి ఒక నిమిషం వీడియో తీసి పంపాలి, మొదటిసారి తీసిందే పంపాలి, బాగా వచ్చేదాకా తీసి పంపితే ఒప్పుకోరు. ఆదివారం పొద్దున్న చర్చికెళ్ళే ముందు దాన్ని రెండుసార్లు విని వాయిస్ మెసేజ్ పెడతారు. బావున్నది ముందు చెప్తారు, సరిచేసుకోవాల్సింది ఒక్కటే చెప్తారు. "రెండోది చెప్తే మొదటిది మర్చిపోతావు బాబూ" అంటారు. ఒక్కటంటే ఒక్కటేరా! ఇన్నేళ్ళు చదువుకున్నాం కదా మనం, ఒక్క మాస్టారైనా ఇలా చెప్పారా, ఎర్ర ఇంకు గుర్తుందా నీకు, పేపర్ నిండా... సరే అది వదిలేయ్.

మొదటి వారం పందెం ఒక్క సి కార్డే, కార్డ్ అంటే కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి మోగించడం. ఎ తీగ మీద మూడో మెట్టు (మెడ మీద అడ్డంగా ఉండే కమ్మీల్ని మెట్లంటున్నా) దగ్గర ఉంగరం వేలు, అంతే, మిగతా పనంతా కుడి చేతిది. రెండో వారం సి నుంచి ఎఫ్‌కి నిమిషంలో ఎన్నిసార్లు మారగలను అని లెక్క. మొదటి రోజు 11, ఆరో రోజు 34, కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించాను. మూడో వారం వచ్చిన మాట మాత్రం నన్ను మార్చేసింది. "నీ ఎడమ చెయ్యి తడబడినప్పుడల్లా కుడి చెయ్యి దానికోసం ఆగుతోంది. ఆపకు. తప్పు కార్డ్ మీదైనా చెయ్యి ఊగుతూనే ఉండాలి. బండి స్టేషన్లో ఎక్కనోడి కోసం ఆగదు, వాడే పరిగెత్తుకొచ్చి ఎక్కుతాడు" అన్నారు. నిజంరా. రెండు రోజులు అన్నీ తప్పులే వినపడ్డాయి, మూడో రోజుకి ఎడమ చెయ్యి దానంతటదే పరిగెత్తడం మొదలెట్టింది.

అంతా బానే ఉందా, అప్పుడొచ్చింది బి ఫ్లాట్ కార్డ్.

దాని రూపం చెప్తాను చూడు, చూపుడు వేలు అడ్డంగా పడుకోబెట్టి ఇ, ఎ రెండు తీగల్నీ మొదటి మెట్టు దగ్గర నొక్కాలి, మధ్యవేలు సి తీగ రెండో మెట్టు, ఉంగరం వేలు జి తీగ మూడో మెట్టు. చెప్పడానికి ఇంతే. వాయిస్తే ఎ తీగ టక్ మని చెక్కలా మోగేది. మూడు వారాలు. ఎఫ్ నుంచి బి ఫ్లాట్‌కి నిమిషంలో ఎన్ని అంటే మొదటి రోజు 4, పదో రోజు 5. విచిత్రమేంటంటే మాస్టారింట్లో కాస్త పలికేది. బస్సులో నలిగిపోతుందని నాది తీసుకెళ్ళేవాణ్ణి కాదు, ఆయన దగ్గరున్న పాత కాన్సర్ట్ సైజు (నాదానికన్నా కాస్త పెద్దది) ఉకులేలే మీదే క్లాసు. అక్కడ పలుకుతుంది, ఇంటికొస్తే పలకదు. ఇంట్లో నేను సరిగ్గా కష్టపడట్లేదని, ఆయన ముందైతే ఒళ్ళు దగ్గర పెట్టుకుంటున్నానని అనుకున్నాను. చాలా బాధేసింది రా ఆ రోజుల్లో, నీకు అప్పుడే రాద్దామనుకుని ఆగిపోయాను. చూపుడు వేలు మీద రెండు గాట్లు పడిపోయి పొద్దున్న లేచేసరికి కూడా అలాగే ఉండేవి.

మానేద్దును. కానీ అమ్మ వల్ల మానలేకపోయాను. ఎందుకో చెప్తాను.

చెల్లి వచ్చినప్పట్నుంచీ హాల్లో పాత చీరతో ఉయ్యాల కట్టాం, అదే కొక్కేనికి, నువ్వు వేలాడితే సున్నం రాలిపడిందే, ఆ కొక్కేనికే. రాత్రిళ్ళు అమ్మ లాలిపాట పాడుతుంది. అమ్మ పాడుతుందని నీకు తెలుసా? నాకే సరిగ్గా తెలీదు. చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూనో వడియాలు పెడుతూనో కూనిరాగం తప్ప మనిషి ముందు పాడగా వినలేదు ఎప్పుడూ. వాళ్ళమ్మమ్మ దగ్గర నేర్చుకున్న పాటట. నేను పక్కన కూర్చుని నాకొచ్చిన సి, ఎఫ్, జి సెవెన్‌తో కలపబోయాను. మొదటి రెండు లైన్లూ వచ్చాయి, పైకి వెళ్ళేసరికి అమ్మ గొంతు చీలిపోయింది. "నీ పెట్టె శృతి నాకు పడదురా, నేను మెల్లిగా పాడాలి, గట్టిగా పాడితే పిల్లేటి పడుకుంటాది" అంది. పాపం జి లో కూడా ప్రయత్నం చేసింది, ఇబ్బంది పడుతోందని తెలుస్తోంది. ఫోన్‌లో శృతి చూపించే ట్యూనర్ పెట్టి, నా సంగతి మర్చిపోయి నీకు నచ్చినట్టు పాడుకోమ్మా అన్నాను. ఆవిడ "సా" ఎక్కడుందో తెలుసా? ఎఫ్. ఎఫ్ లో పాడితే కావాల్సిన మూడు కార్డులేంటి? ఎఫ్, సి సెవెన్, ఇంకా బి ఫ్లాట్!

మాస్టారికి చెప్తే నవ్వలేదు. "అమ్మ గొంతు మార్చమంటావా, నీ వేళ్ళు మార్చుకుంటావా" అని అడిగి, అదే పందెంగా ఇచ్చేశారు. అమ్మ పాడుతుండగా, పిల్ల పడుకునేంత మెత్తగా, బొటనవేలితో మాత్రమే, మధ్యలో ఆగకుండా.

ఆ శనివారం ఎఫ్, బి ఫ్లాట్ వాయించి వీడియో పంపాను. ఆదివారం మెసేజ్ రాలేదు, ఏకంగా ఫోన్ వచ్చింది. "బాబూ, నీ తీగలు ఖాళీగా మోగినప్పుడు శృతిలోనే ఉన్నాయి. ఎఫ్ కార్డ్‌లో ఇ తీగ మొదటి మెట్టు దగ్గర నొక్కగానే శృతి పైకి పోతోంది. రెండోసారి విన్నా అంతే. నీ వేలు కాదు, పెట్టెలో ఉంది తేడా, ఇవాళ అది తీసుకునిరా" అన్నారు. ఫోన్ స్పీకర్‌లో విని పట్టుకున్నారురా ఆయన!

తీసుకెళ్ళాను. ఒళ్ళో పెట్టుకుని, మెడ చివర తీగలు ఆనే తెల్లముక్క ఉంటుందే, నట్, అక్కడ చూశారు. తీగని మూడో మెట్టు దగ్గర నొక్కి, మొదటి మెట్టు మీద ఎంత ఖాళీ ఉందో చూడమన్నారు. సన్న కాగితం పట్టేంత ఉంటే చాలట. నాదాంట్లో పోస్టుకార్డు దూరిపోయింది. గాట్లు లోతుగా కొయ్యకుండానే అమ్మేశారు, అందుకని తీగ చాలా ఎత్తులో ఉండి దాన్ని కిందకి నొక్కడానికే బలమంతా పోతోంది, పైగా అంత దూరం సాగదీస్తే బిగుసుకుని శృతి పెరిగిపోతుంది. మొదటి మెట్టు నట్ పక్కనే కాబట్టి అక్కడే ఎక్కువ తెలుస్తుందట. మూడు వారాలు నా వేలిని తిట్టుకున్నాను గోలీ. కళ్ళలో నీళ్ళొచ్చాయి, ఆయన చూడనట్టే సన్న ఆకురాళ్ళ కట్ట విప్పారు, షెడ్ రోజులవి, గుడ్డలో చుట్టి నూనె రాసి ఉన్నాయి.

నాలుగు గీతలు గీయడం, తీగ మళ్ళీ ఎక్కించడం, కాగితం పెట్టి చూడడం, మళ్ళీ తీగ వదులు చేసి రెండు గీతలు. తొందరపడి ఎక్కువ దిగితే తీగ మెట్టుకి తగిలి జుర్రుమంటుంది, నట్ కొత్తది వెయ్యాలి. తెల్లటి పొడి ఆయన లుంగీ మీద పడుతోంది, ఊదుకుంటూ కబుర్లు చెప్పారు. 1879 ఆగస్టులో రేవెన్స్‌క్రాగ్ అనే ఓడలో పోర్చుగల్ వాళ్ళ మదీరా దీవి నుంచి చెరుకు తోటల్లో పనికోసం జనం హవాయి చేరారట, వాళ్ళలో ముగ్గురు వడ్రంగం తెలిసినవాళ్ళు, తమ ఊళ్ళో వాయించే చిన్న తీగవాద్యాన్ని అక్కడ చెయ్యడం మొదలెడితే అదే ఇదయింది. మన వైజాగ్ హార్బర్ 1933లో కదా తెరిచింది, దానికి యాభై నాలుగేళ్ళ ముందన్నమాట. ఉకు అంటే హవాయి భాషలో పేను, లేలే అంటే గెంతడం. ఇంటికొచ్చి ఇది చెప్తే అమ్మ "పేనా! పిల్ల దగ్గర పెట్టకురా" అంది. అప్పట్నుంచీ మా ఇంట్లో దాని పేరు పేనే.

సాగిందనుకుంటున్నావా, ఆగు, వచ్చేశాను.

గాట్లు సరిచేశాక కూడా బి ఫ్లాట్ వెంటనే రాలేదు. కానీ ఇప్పుడు సాధన చేస్తే కదులుతోంది. ఆయనో చిట్కా చెప్పారు, అదే వేళ్ళ రూపాన్ని పైకి జరిపి అయిదో మెట్టు దగ్గర మొదలెట్టమన్నారు, అక్కడ తీగ మెత్తగా ఉంటుంది, అక్కడది డి కార్డ్. రోజుకో మెట్టు కిందకి దిగుతూ అయిదో రోజుకి మొదటి మెట్టు. వేలు మరీ బల్లపరుపుగా కాకుండా కొంచెం పక్కకి ఒరగాలి, ఎముక వైపు ఆనాలి, మోచెయ్యి ఒంటికి దగ్గరగా. వారంలో లెక్క 5 నుంచి 22కి వచ్చింది. ఫ్రిజ్ మీద ఉంది, వచ్చినప్పుడు చూద్దువు గాని.

నిన్న రాత్రి పదిన్నరకి కరెంటు పోయింది. ఉక్క, సముద్రం గాలి కూడా లేదు, చంటిది గుక్కపట్టి ఏడుపు. అమ్మ ఉయ్యాల ఊపుతూ మొదలెట్టింది. నేను చీకట్లో పేనుని తీసుకుని గోడకి ఆనుకున్నాను. చెల్లి ఏమీ చెప్పకుండానే ఫోన్‌లో రికార్డింగ్ నొక్కిందట, నాకు తర్వాత తెలిసింది. కొక్కెం ఒకసారి అటు కిర్రు, ఒకసారి ఇటు కిర్రు. నెలలుగా టిక్ టిక్ మని తాళం వేసే మెట్రోనోమ్ పెట్టుకుని వాయించాను గానీ అంత ఒద్దికైన తాళం ఎప్పుడూ దొరకలేదు. కిర్రు మన్నప్పుడల్లా బొటనవేలు. ఎఫ్. ఎఫ్. బి ఫ్లాట్. పలికింది. నాలుగు తీగలూ. అమ్మ ఆగలేదు గానీ గొంతులో ఏదో మారింది, చీకట్లో కూడా తెలుస్తుంది కదా నవ్వుతూ పాడితే. మూడో చరణం దగ్గర ఆవిడ ఊపిరి తీసుకోడానికి కాస్త ఎక్కువసేపు ఆగింది, నేను కూడా అక్కడే... ఎలా చెప్పాలో తెలీట్లేదు, చెయ్యి ఊగుతూనే ఉంది కానీ తీగకి తగలకుండా గాల్లో ఊగింది, ఆవిడ అందుకోగానే తగిలింది. నేను అనుకుని చెయ్యలేదు. ఏడుపు ఎప్పుడు ఆగిందో ఎవరం చూడలేదు. కరెంటొచ్చి లైటు వెలిగేసరికి అది కళ్ళు తెరుచుకునే ఉంది, నిద్రపోలేదు, చీర అంచు నోట్లో పెట్టుకుని నా చేతివైపే చూస్తోంది. "ఇప్పుడు సరిపోయిందిరా" అంది అమ్మ, అంతే, నీళ్ళు తాగడానికి వెళ్ళిపోయింది.

రాత్రే మాస్టారికి పంపాను, బొమ్మ ఏమీ లేదు, నల్లటి స్క్రీన్, శబ్దమే. పొద్దున్న ఆరింటికి మెసేజ్. "మూడో చరణంలో అమ్మగారి కోసం ఆగావు చూడు, అది నేను నేర్పలేదు. ఎక్కణ్ణించి వచ్చిందో దాన్ని జాగ్రత్తగా పెట్టుకో. సి సెవెన్‌లో ఎ తీగ సగం మూసుకుపోతోంది, చూపుడు వేలు నిలబెట్టు, ఈ వారం పందెం అదే." ఐదుసార్లు విన్నాను. అమ్మకి కూడా వినిపించాను, "అమ్మగారు" అన్నందుకు మొహం వెలిగిపోయింది.

రికార్డింగ్ నీకు పంపిస్తాను, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విను, బస్సులో వినకు. రెండో చరణం దగ్గర ఒక దగ్గు వినిపిస్తుంది, అది చెల్లిది. అన్నట్టు నువ్వు పూణేలో తబలా క్లాసు అన్నావు, చేరావా లేదా, దసరాకి వస్తే మనిద్దరం తెన్నేటి పార్క్‌లో ఆ మెట్ల మీద కూర్చుని, గొడుగు లేకుండా, మన పాట

లేచిందిరా. అమ్మ పిలుస్తోంది, పేనుని తెమ్మంటోంది. ఉంటాను.

నీ
పకోడీ